సెప్టెంబరులో చేతికొచ్చిన ప్లాటు, జూన్‌లో ఇంటికొచ్చిన వెల్లుల్లి

ఇంగ్లండ్‌లోని లెస్టర్‌షైర్‌లో మేముండే ఊళ్ళో అలాట్‌మెంట్ కోసం, అంటే కూరగాయలు పండించుకోవడానికి ఊరి పాలక సంస్థ అయిన కౌన్సిల్ ఏడాది అద్దెకిచ్చే భూమి చెక్క కోసం, నేను 2022 ఏప్రిల్‌లో పేరు రాయించుకున్నాను. రెండేళ్ళకు పైగా ఉలుకూ పలుకూ లేదు. 2024 సెప్టెంబరు 9న ఉత్తరం వచ్చింది. సగం ప్లాటు ఖాళీ అయిందనీ, రెండు వారాల్లోగా ఒప్పుకోకపోతే జాబితాలో తర్వాతి వారికి ఇస్తామనీ అందులో ఉంది. సగం ప్లాటు అంటే 125 చదరపు మీటర్లు, మన లెక్కన దాదాపు నూట యాభై గజాలు. ఏడాది అద్దె 38 పౌండ్లు, గేటు తాళానికి తిరిగి ఇచ్చే డిపాజిట్ 25 పౌండ్లు. ఒప్పుకోకుండా ఉండే ప్రశ్నే లేదు. కానీ చుట్టుపక్కల ప్లాట్లవాళ్ళు గుమ్మడికాయలు కోసుకుంటూ, టమాటా మొక్కలు పీకేస్తూ ఉన్న సమయంలో నేను మొదలుపెట్టబోతున్నానన్న దిగులు మాత్రం సంతోషంతో పాటే వచ్చింది. వచ్చే మార్చి దాకా ఆగమని చాలామంది చెప్పారు. ఆగకుండా ఆ శీతాకాలమంతా నేలలో మొక్కలు ఉంచితే ఏం జరిగిందో, ఇలాగే ఆలస్యంగా ప్లాటు దొరికిన మనవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

సెప్టెంబరు 14, శనివారం నాడు తాళం తీసుకుని వెళ్తే, ప్లాటు కనిపించలేదు. నడుము ఎత్తు గడ్డి, ఒక మూల బ్లాక్‌బెర్రీ ముళ్ళపొదలు, వాటన్నిటి మీదా అల్లుకున్న బైండ్‌వీడ్ తీగ మాత్రమే కనిపించాయి. ఇక్కడి కౌచ్ గడ్డి మన గరిక లాంటిదే, తెల్లటి వేళ్ళతో నేల కింద పాకుతూ పోతుంది. బైండ్‌వీడ్ వేరు అయితే తవ్వేటప్పుడు పుటుక్కున తెగుతుంది, తెగిన ప్రతి ముక్కా మళ్ళీ మొలుస్తుంది. పక్క ప్లాటు పెద్దాయన చాలా ఏళ్ళుగా అక్కడ పండిస్తున్నవారు. నేను పార పట్టుకుని నిలబడిన తీరు చూసి గట్టు దాటి వచ్చి, "మొత్తం శుభ్రం చేయాలని చూడకండి. పావు వంతు తవ్వుకోండి, మిగతాదంతా వసంతం దాకా కప్పి ఉంచండి" అన్నారు. ఆ శీతాకాలంలో నాకు దొరికిన సలహాలన్నిటిలోనూ ఇదే గొప్పది. దుకాణాల వెనక ఊరికే దొరికే పెద్ద అట్టపెట్టెలు విప్పి పరిచి, పైన నల్ల ప్లాస్టిక్ పట్టా వేసి, రాళ్ళు పెట్టాం. మిగిలిన ఆ పావు వంతు తవ్వడానికే మా వారికీ నాకూ సెప్టెంబరు శని, ఆదివారాలన్నీ సరిపోయాయి. పాత పార, తవ్వుగోల రెండూ కలిపి 20 పౌండ్లకు దొరికాయి. నేల బంకమట్టి. వాన పడితే బూటుకు కిలో మట్టి అంటుకుంటుంది, ఎండితే ఇటుకవుతుంది.

ఏవి నాటాలన్నది నా ఇష్టంతో తేలే విషయం కాదనీ, తేదీని బట్టే తేలుతుందనీ అప్పుడే అర్థమైంది. మేముండే అక్షాంశంలో అక్టోబరు చివరి వారానికల్లా పగటి వెలుగు పది గంటల కంటే తగ్గిపోతుంది, మళ్ళీ ఫిబ్రవరి నడిమికి గానీ పది గంటలకు చేరదు. ఆ మధ్యకాలంలో చలికి తట్టుకునే మొక్క కూడా దాదాపు ఎదగదు, ఉన్నది ఉన్నట్టు నిలబడుతుంది అంతే. తెనాలిలో మా అమ్మ పెరట్లో డిసెంబరులో కూడా పదకొండు గంటల వెలుగు ఉంటుంది, చలికాలం అంటే అక్కడ కూరగాయలు విరగకాసే కాలం. ఇక్కడ లెక్క పూర్తిగా వేరు. అక్టోబరు ఆఖరుకు మొక్క ఎంతుందో, శీతాకాలమంతా అంతే ఉంటుంది. మరీ చిన్నగా ఉంటే నత్తలకు ఒక పూట తిండి. మరీ లేతగా, ఏపుగా ఉంటే ఫ్రాస్ట్‌కు, అంటే రాత్రిపూట నేలా ఆకులూ గడ్డకట్టే చలికి, నల్లబడి పోతుంది.

సెప్టెంబరు 28న ధనియాలు, మెంతులు, ఆవాలు, చలికి తట్టుకునే రకం పాలకూర చల్లాను. పాలకూర విత్తనాల పొట్లాలు 5 పౌండ్లయ్యాయి, ధనియాలు, మెంతులు, ఆవాలు మాత్రం వంటింటి డబ్బాల్లోవే. ధనియాలను చపాతీ కర్రతో మెల్లగా నలిపి రెండుగా చీల్చి, ఒక రాత్రి నానబెట్టాను. అది ఎవరూ నేర్పనక్కర్లేని పని. క్యాబేజీ విత్తనం వేసే కాలం జులై, ఆగస్టులతోనే అయిపోయింది కాబట్టి నర్సరీలో డర్హమ్ ఎర్లీ అనే వసంతపు క్యాబేజీ నారు ఇరవై మొక్కలు 9 పౌండ్లకు కొని, అక్టోబరు 5న నాటాను. అక్టోబరు 19న వెల్లుల్లి, ఉల్లి పెట్టాను. వెల్లుల్లి సోలెంట్ వైట్ రకం, మూడు గడ్డలు ఏడున్నర పౌండ్లు. ఉల్లి రాడార్ అనే రకం, చిన్న చిన్న గడ్డలుగా 4 పౌండ్లకు సంచి. దుకాణంలో కూరకు కొనే వెల్లుల్లి ఎక్కడో వేడి దేశాలకు సరిపడే రకం కావచ్చు, పైగా తెగుళ్ళు తెస్తుందని, విత్తనానికే అమ్మే గడ్డలు కొన్నాను. వెల్లుల్లి విషయంలో ఆలస్యం అసలు ఆలస్యమే కాదన్నది నాకు పెద్ద ఊరట. ఆ రెబ్బకు కొన్ని వారాల పాటు గట్టి చలి తగలాలి. తగలకపోతే రెబ్బలుగా విడివడకుండా ఒంటి గడ్డగా ఉండిపోతుంది. పెద్దాయన వచ్చి చూసి, ఈ బంకమట్టిలో చదునుగా నాటితే నీళ్ళు నిలిచి కుళ్ళిపోతాయని, జానెడు ఎత్తున బోదెలు చేయించారు. వెల్లుల్లి వరకు బోదెలు చేసేసరికే చీకటి పడింది. ఉల్లిని పల్లంవైపు చదును నేలలోనే పెట్టాల్సి వచ్చింది.

చివరగా నవంబరు 2న బ్రాడ్ బీన్స్. ఆక్వాడుల్స్ క్లాడియా అనే ఈ రకాన్ని ఇక్కడ తరతరాలుగా శరదృతువులోనే వేస్తారు. పొట్లం మూడున్నర పౌండ్లు. గింజలు బొటనవేలి గోరంత ఉంటాయి, మన చిక్కుడు గింజకు పెద్దన్న లాంటివి. రెండు అంగుళాల లోతున పెట్టి, ఎలుకలు తవ్వకుండా ముళ్ళున్న హాలీ ఆకులు చాళ్ళలో పరిచాను.

ఎరువు దగ్గర ఒక సంగతి చెప్పాలి. దగ్గర్లోని గుర్రపుశాలలో మాగిన పేడ ఎరువు ఊరికే ఇస్తారు, సంచులు మనం తీసుకెళ్ళాలి. సంతోషంగా నాలుగు సంచులు తెచ్చాక, పెద్దాయన దాన్ని వెంటనే వేయనివ్వలేదు. పచ్చిక బయళ్ళలో కలుపుకు కొట్టే అమినోపైరలిడ్ అనే మందు గడ్డితో పాటు గుర్రం కడుపులోకి వెళ్ళి, పేడలో కూడా చెక్కుచెదరకుండా ఉండి, తర్వాత మన చిక్కుడు, టమాటా జాతి మొక్కలను పాడుచేస్తుందట. ఒక కుండీలో ఆ ఎరువు, ఇంకో కుండీలో మామూలు మట్టి పోసి, రెంటిలోనూ బీన్స్ గింజలు పెట్టమన్నారు. వంటింటి కిటికీ దగ్గర మూడు వారాలు ఉంచాను. మందు ఉంటే కొత్త ఆకులు గరిటెలా ముడుచుకుని, చివర్లు మెలితిరుగుతాయి. మా కుండీలు రెంటిలోనూ ఆకులు సమానంగా, నిండుగా విచ్చుకున్నాయి. అప్పుడు నవంబరు నడిమిలో క్యాబేజీ చుట్టూ ఎరువు పరిచాను. ఊరికే వచ్చే ఎరువు తెచ్చుకునే ప్రతి ఒక్కరూ ఈ పరీక్ష తప్పక చేయాలి.

అక్టోబరు 27న గడియారాలు గంట వెనక్కి తిప్పారు. దాంతో ఆఫీసు అయ్యాక ప్లాటుకు వెళ్ళే ముచ్చట తీరిపోయింది. నాలుగున్నరకల్లా చీకటి. మార్చి చివరి దాకా మొక్కల ముఖం వారాంతంలోనే చూడగలిగాం. నవంబరు మొదటి వారంలో కౌన్సిల్ వాళ్ళు పైపులు పగలకుండా నీళ్ళు కట్టేశారు. శీతాకాలంలో నీళ్ళెందుకులే అనుకున్నాను గానీ, అది తర్వాత ఇబ్బంది పెట్టింది.

నవంబరు 19, మంగళవారం మొదటి మంచు కురిసింది. ఆ వారమంతా రాత్రులు సున్నా కిందికి దిగాయి. శనివారం వెళ్ళి చూస్తే మెంతికూర మొత్తం ఉడికించి పరిచినట్టు నేలకు అతుక్కుపోయి ఉంది. దాన్ని ఇక ఎవరూ లేపలేరు. ఆ పక్కనే కొత్తిమీర కూడా నేలమీద పడి ఉండేసరికి అది కూడా పోయిందనుకుని చాలా బాధపడ్డాను. వంగి చూస్తే ఆకు అంచుల్లో పంచదార పలుకుల్లా మంచు, కాడ ముట్టుకుంటే గాజుపుల్లలా బిరుసు. గడ్డకట్టినప్పుడు ముట్టుకోవద్దనీ, కోయవద్దనీ పెద్దాయన హెచ్చరించారు. పన్నెండు గంటలకు ఎండ పొడ తగిలి, ఆకులు ఒక్కొక్కటే మెత్తబడి, ఒంటిగంటకల్లా మడి మొత్తం లేచి నిలబడింది. ఆకులు మాత్రం చలికి ఊదారంగు తిరిగాయి. ఎండాకాలంలో ఇక్కడ కొత్తిమీర చల్లితే త్వరగానే పూతకొస్తుంది, శీతాకాలంలో ఐదు నెలలు పూత మాటే ఎత్తకుండా ఉంటుంది. తెలుగింట్లో కొత్తిమీర విలువ తెలిసినవాళ్ళకు ఇంతకంటే మంచి కబురు లేదు.

అప్పటికే కొత్తిమీర, పాలకూర, ఆవకూరల మీద నీలం రంగు నీళ్ళ పైపును వంచి గుర్రపునాడాల్లా గుచ్చి, దానిపైన ఫ్లీస్ అనే తెల్లటి పల్చని గుడ్డ కప్పాను. చదరపు మీటరుకు 30 గ్రాములు తూగే రకం 14 పౌండ్లు, పైపు 19 పౌండ్లు. క్యాబేజీకి ఫ్లీస్ అక్కర్లేదు, దానికి కావాల్సింది అడవి పావురాల నుంచి రక్షణ. దానికి గట్టి వల 22 పౌండ్లు. డిసెంబరు 7న డారా తుపాను ఈ రెంటినీ ఎత్తుకుపోయింది. శని, ఆదివారాలు రెండు రోజులూ గాలి తగ్గకపోవడంతో ఇల్లు కదలలేదు. తర్వాతి రోజు సెలవు పెట్టి వెళ్తే ఫ్లీస్ పీలికలై ముళ్ళకంచెకు వేలాడుతోంది, వల నాలుగు ప్లాట్ల అవతల దొరికింది. ఆ కొద్ది వ్యవధిలోనే పావురాలు క్యాబేజీ ఆకులను నడిమి ఈనె తప్ప ఏమీ మిగల్చకుండా తినేశాయి. ఇరవై మొక్కలు ఇరవై పుల్లల్లా నిలబడ్డాయి. అక్కడే కూర్చుని ఏడ్చానంటే అతిశయోక్తి కాదు. పెద్దాయన ఒక్కో మొక్క నడుమ వేలుపెట్టి చూసి, "మొవ్వు బాగుంది. వల వేసి వదిలేయండి" అన్నారు. ఇంకో 14 పౌండ్లు పెట్టి ఫ్లీస్ మళ్ళీ కొన్నాను. ఈసారి అంచులను రాళ్ళతో కాకుండా మట్టిలోనే పూడ్చాను, శీతాకాలం అయ్యేదాకా అది కదల్లేదు.

జనవరి 4 రాత్రి మళ్ళీ మంచు కురిసింది, 6న మా జిల్లాలో వరదలు వచ్చాయి. కరిగిన మంచు, వాన కలిసి, అప్పటికే నీరు తాగి ఉన్న బంకమట్టి మీద ఎటూ పోలేక, అలాట్‌మెంట్ పల్లంవైపంతా చెరువైంది. మా ప్లాటు మెరకలో ఉన్నా, దిగువ చివర వారం పైన నీళ్ళు నిలిచాయి. ఉల్లి మూడు వరసల్లో రెండు మునిగాయి. నెలాఖరుకు వేలితో నొక్కితే గడ్డలు చీదేసినట్టు మెత్తగా జారిపోయాయి. బోదెల మీది వెల్లుల్లి ఒక్కటి కూడా చావలేదు. డిసెంబరులో వచ్చిన నాలుగంగుళాల పచ్చటి మొలకలు అలాగే నిక్కి ఉన్నాయి. చలి చంపింది ఒక్క మెంతినే. మిగతా నష్టమంతా నీళ్ళ వల్ల, గాలి వల్ల, పావురాల వల్ల జరిగింది. ఫ్లీస్ కొనడానికి పరుగెత్తే ముందు నీళ్ళు ఎటు పోతాయో చూసుకోవాలని ఆ రోజు నుంచి అందరికీ చెబుతున్నాను.

బ్రాడ్ బీన్స్ డిసెంబరు మొదట్లో మొలిచాయి, అంటే నెల పట్టింది. హాలీ ఆకులు పరిచినా నాలుగో వంతు ఎలుకల పాలయ్యాయి. జనవరి మంచుకు మిగిలిన మొక్కలు పడుకున్నాయి, కొన్నింటి చివర్లు నల్లబడ్డాయి. అయినా ఫిబ్రవరిలో మొదలు నుంచి రెండు మూడు పక్క పిలకలు వేశాయి.

ఈ మొత్తంలో నాకు అన్నిటికంటే కష్టమైనది జనవరి ఆఖరు, ఫిబ్రవరి మొదలు. ప్రతి శనివారం వెళ్తాం, మొక్కలు గత శనివారం ఉన్నట్టే ఉంటాయి. చేసే పని కూడా పెద్దగా ఉండదు. నేల గడ్డకట్టి కరిగినప్పుడు పైకి తన్నుకొచ్చిన ఉల్లిగడ్డలను తిరిగి నొక్కడం, పసుపు పడిన ఆకులు తీసేయడం, వాటి కింద దాక్కున్న నత్తలను ఏరడం, అంతే. ఫోన్‌లో అమ్మకు చూపిస్తే, "ఎదగని మొక్కని అన్ని నెలలు ఎట్టా చూస్తా కూర్చుంటావే తల్లీ?" అంది. నా దగ్గర జవాబు లేదు. కానీ ఆ చలిలో చేతులు కొంకర్లు పోతున్నా, ఫ్లీస్ ఒక మూల ఎత్తి చూసి, పచ్చగా ఏదో ఉందని తెలుసుకుని తిరిగి రావడమే ఆ వారానికి కావాల్సిన బలం ఇచ్చేది.

ఫిబ్రవరి 15 ప్రాంతంలో తేడా కనిపించింది. ముందుగా పాలకూర నడుమ లేత ఆకులు లేచాయి, తర్వాత కొత్తిమీర. నెలాఖరు శనివారం మొదటి కట్ట కోశాను. పొట్టి కాడలు, దళసరి ఆకులు, ఘాటు ఎక్కువ. ఆ సాయంత్రం చేసిన కొత్తిమీర పచ్చడి వాసన ఇల్లంతా నిండింది. మార్చి మొదట్లో క్యాబేజీకి కోళ్ళ ఎరువు గుళికలు వేశాను, సంచి 9 పౌండ్లు. ఆ పుల్లల్లాంటి మొక్కలు నెల తిరిగేసరికి గుర్తుపట్టలేనంత నిండాయి.

అయితే ఆ మార్చిలో వాన లేదు. 2025 వసంతం బ్రిటన్‌లో నమోదైన వాటన్నిటిలోకీ ఎండ ఎక్కువ కాసిన వసంతమని వాతావరణ శాఖ తర్వాత ప్రకటించింది. జనవరిలో చెరువైన నేల ఏప్రిల్‌కు బీటలు తీసింది. కుళాయిలు ఏప్రిల్ రెండో వారం దాకా తెరవలేదు. ఇంటి నుంచి ఐదు లీటర్ల సీసాలు కారులో మోసుకెళ్ళి పోశాం. వెల్లుల్లికి ఏప్రిల్, మే నెలల్లోనే నీళ్ళు ముఖ్యం, గడ్డ ఊరేది అప్పుడే. ప్లాటు తీసుకునేవాళ్ళు నీళ్ళు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా కట్టేస్తారో మొదటి రోజే అడిగి, వాననీటికి ఒక పెద్ద పీపా పెట్టుకోవడం మంచిది.

ఏప్రిల్ అంతా క్యాబేజీ ఆకుకూరలా విప్పారి ఉండగానే ఒక వరస కోసుకున్నాం, మిగిలినవి మే నెలలో గట్టి మొవ్వు కట్టాయి, కోసుగా, తియ్యగా ఉన్నాయి. పెసరపప్పు వేసి చేసిన కూర పెద్దాయనకు కూడా పంపాను. ఏప్రిల్ ఆఖరుకు కొత్తిమీర పూతకొచ్చింది, పీకకుండా ఉంచితే తేనెటీగలు ముసిరాయి, జూన్‌లో పచ్చి ధనియాలు దొరికాయి. మే నడిమికి బీన్స్ చివర్లకు నల్ల పేనుబంక పట్టింది. కింద మొదటి కాయలు కనిపించగానే చివర్లు తుంచేస్తే అది చాలావరకు పోయింది, పురుగు పట్టని చివర్లను వేపుడు చేసుకున్నాం. మే ఆఖరు నుంచి మూడు వారాలు కాయలు కోశాం. గింజ ముదిరితే పైన తెల్లటి మందపు తోలు వస్తుంది, వేడినీళ్ళలో ఒక నిమిషం వేసి వలిస్తే లోపల చిలకపచ్చ పప్పు. చిక్కుడు గింజల కూర వండినట్టే ఉల్లిపాయ, పచ్చిమిర్చి, చివర కాస్త కొబ్బరి వేసి వండాను. మిగిలిన ఒక వరస ఉల్లిలో సగం మేలోనే పూతకాడ వేశాయి, వాటిని వెంటనే వాడేసుకున్నాం.

జూన్ 21న, కింది ఆకులు పసుపు తిరిగాక, వెల్లుల్లి తవ్వాను. నాటిన రెబ్బల్లో నాలుగైదు తప్ప అన్నీ గడ్డలయ్యాయి. కొన్ని పిడికెడు, చాలావరకు నిమ్మకాయంత. షెడ్డులో మూడు వారాలు ఆరబెట్టి, జడలల్లి వంటింట్లో కట్టాను. మా వారు ఆ రోజే కొన్ని రెబ్బలు వలిచి కారం కొట్టారు, వేడి అన్నంలో అంత ఘాటు వెల్లుల్లి ఈ దేశానికి వచ్చాక మేం తినలేదు.

డబ్బు లెక్క కూడా చెప్పాలి. తాళం డిపాజిట్ కాక, అద్దెతో కలిపి 165 పౌండ్లు అయ్యాయి. ఇంటికొచ్చిన కూరగాయలు దుకాణంలో కొంటే అంత అయ్యేవి కావు. వల, పైపు, పనిముట్లు, రెండో ఫ్లీస్ వచ్చే ఏటికి ఉంటాయి కాబట్టి ఇక అద్దె, విత్తనాల ఖర్చే.

ఏప్రిల్‌లో కౌన్సిల్ తనిఖీ జరిగింది, సాగు చూపించడానికి క్యాబేజీ, వెల్లుల్లి వరసలే సరిపోయాయి. బీన్స్ మొక్కలను మొదలుకు కోసి, నత్రజని బుడిపెలున్న వేళ్ళను నేలలోనే వదిలేశాను. వసంతపు క్యాబేజీ నారు ఈసారి జులై ఆఖరులోనే ఇంట్లో ట్రేల్లో పోశాను, సెప్టెంబరులో ఆ బీన్స్ చోటే నాటుతాను. ఉల్లి బోదెల మీదికి మారుతుంది, పల్లంవైపు చివర ఏమీ వేయకుండా ఒక కాలువ తవ్వుతున్నాం. వెల్లుల్లిలో పెద్ద గడ్డలు ఆరు విత్తనానికి పక్కన పెట్టాను, అక్టోబరు మూడో వారంలో నాటాలి.